పన్నెండిళ్ళ బియ్యం

కుక్కర్ మూత తీయగానే తెలిసిపోయింది, తప్పు చేశానని. డబ్బా అడుగున మిగిలిన పాత బియ్యం పారేయబుద్ధి కాక, కొత్త బస్తాలోంచి తీసిన బియ్యంతో కలిపి వండేశాను. కొత్తవి ముద్దయిపోయాయి. పాతవి పలుకు మీదే ఉన్నాయి. మా అమ్మాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అమ్మా, ఇది ఒక అన్నమా, రెండు అన్నాలా?" అని అడిగింది. మా ఆయన మర్యాదస్తుడు, ఏమీ అనకుండా పెరుగు వేసుకున్నాడు. వాళ్ళిద్దరికీ గబగబా ఉప్మా చేసిచ్చి, ఆ అన్నం నేనే పెట్టుకుని కూర్చున్నాను. పంటికింద ఒక మెతుకు కరిగిపోతోంది, దాని పక్కది కరకరమంటోంది. ఇలాంటి అన్నం నేను అంతకుముందు తిన్నది లేదు. కాని దాని సంగతి నాకు బాగా తెలుసు.

అప్పుడు నాకు పదో ఏడు. తమ్ముడికి నాలుగు. మా నాన్న రెండేళ్ళ ముందే రాయపూర్ వెళ్ళి, భన్‌పురిలో ఇనుము కరిగించే చిన్న కార్ఖానాలో ఎలక్ట్రీషియన్‌గా కుదురుకున్నాడు. ఆ వేసవిలో మమ్మల్నీ తీసుకెళ్ళాడు. మాది విజయనగరం అవతల, రైలు కట్టకి ఆనుకున్న పల్లె. మా పల్లె దాటి అమ్మ చూసిన పెద్ద ఊరు విజయనగరం ఒక్కటే, అదీ కంటాసుపత్రికి.

మేం వెళ్ళడం మా మావయ్యకి సుతరామూ ఇష్టం లేదు. మావయ్య చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తాతయ్య పోయేసరికి అమ్మకి ఆరేళ్ళట. పెంచి, తన ముద్ద తీసి పెట్టి, పెళ్ళి చేసింది మావయ్యే. ఆయన మాటకి ఎదురు చెప్పొచ్చన్న ఊహే అమ్మకి రాదు. మేం రైలెక్కేరోజు ప్లాట్‌ఫారం మీద మావయ్య నాన్న భుజం మీద చెయ్యేసి అన్నాడు.

"బావా, దేశం కాని దేశం తీసుకెళ్తన్నావు. చలికాలం సెలవులకి నానే వస్తాను. నా చెల్లి ఉంటానంటే ఉంటాది. లేదంటే పిల్లల్తో సహా తీసుకొచ్చెస్తాను. అప్పుడు మళ్ళీ నువ్వేటీ అనకూడదు."

"అలాగే బావా," అన్నాడు నాన్న.

మా నాన్న అంతే. ఆయనకి అడగడం చేతకాదు. పెళ్ళి పంక్తిలో కూర వడ్డించడం మరిచిపోతే, పెరుగు వచ్చేదాకా వట్టి అన్నం కేసి చూస్తూ కూర్చునే మనిషి. జీతం పెంచమని అడగలేడు, సెలవు ఇమ్మని అడగలేడు. "అడిగితే ఏటనుకుంటారో" అన్నది ఆయనకి ఊతపదం. ఆ ఊతపదం మీదే మా సంసారం నడిచేది.

అలా మా కాపురం చలికాలం సెలవులకి వాయిదా పడింది. మేం రాయపూర్‌లో ఉంటామా, నాన్నని వదిలి వెళ్ళిపోతామా అన్నది అప్పుడు తేలాలి.

మొదట్లో అమ్మ రోజులు లెక్కపెట్టుకునేది. అప్పుడే రాజధాని అయిన ఊరు, ఎక్కడ చూసినా రోడ్లు తవ్వి పోసేవారు. మా వీధిలో ఇంకో తంటా. కార్ఖానాల పొగగొట్టాల్లోంచి నల్లటి పొడి రాలేది. అమ్మ తెల్లవారి ఆరేసిన నాన్న బనీను మధ్యాహ్నానికి బూడిద రంగుకి తిరిగేది. మా అమ్మ బూడిద గుమ్మడికాయ దొరికిందన్న సంబరంలో ఒకరోజు డాబా మీద వడియాలు పెట్టింది. సాయంత్రానికి అవి మిరియాలు చల్లినట్టు తేలాయి. "ఓలమ్మో! ఇదేం ఊరే, ఎండలోంచి కూడా మసి కురుస్తాది!" అని వాటిని చేటలో వేసుకుని కూర్చుని ఏడ్చింది. నాన్న వచ్చి, ఒకటి తీసి నోట్లో వేసుకుని, "బాగానే ఉన్నాయే," అన్నాడు. అమ్మకి ఇంకా ఏడుపొచ్చింది.

అమ్మకి వచ్చిన హిందీ ఒక్కటే ముక్క, "అచ్ఛా". పాలవాడికీ అచ్ఛా, గ్యాస్ బండ తెచ్చినవాడికీ అచ్ఛా. తిట్టినా అచ్ఛా అనే అనేది, కాకపోతే గొంతు మారేది. నేను మాత్రం బళ్ళో పడ్డ మూడు నెలలకే ఆ భాష పట్టేశాను. దాంతో బజారుకెళ్తే అమ్మ నోరు నేనే. ఆ నోటిని నేను ఊరికే వాడలేదు. నాకు పాలకూర పడదు. అందుకని, "ఇవాళ పాలకూర బాలేదని వాడే చెప్తున్నాడమ్మా," అనేదాన్ని. మిఠాయి కొట్టు ముందు, "ఊరికే రుచి చూడమంటున్నాడు," అని జిలేబీ అందుకునేదాన్ని, పాపం అమ్మ తర్వాత దానికి డబ్బులిచ్చేది. చివరికి ఎవరో తెలుగావిడ బజార్లో కలిసి నా బండారం బయటపెట్టింది. అమ్మ ఇంటికొచ్చి వీపు మీద రెండిచ్చి, "నీ మాట ఇంకెప్పుడైనా నమ్మితే నా చెవి కోసుకుంటాను," అంది. ఆ రోజు వీపు మంట ఒక గంటలో తగ్గిపోయింది. ఆ మాట ఎంత ఖరీదు పడుతుందో నాకు అప్పుడు తెలీదు.

చలి మొదలయ్యాక ఒక మార్పు వచ్చింది. మేమెప్పుడూ చలి ఎరగం. మా వైపు చలంటే తెల్లారగట్ల దుప్పటి ముసుగు, అంతే. ఇక్కడ కుళాయి కింద చెయ్యి పెడితే కొరికినట్టుండేది. మా అద్దింటి యజమానురాలు ఒక ముసలమ్మ, ఛత్తీస్‌గఢీ మనిషి. వీధంతా ఆవిణ్ణి దాయి అనేవారు. ఆవిడ పొద్దున్నే వాకిట్లో సిగడీ ముట్టించేది. మన కుంపటే, కాస్త పెద్దది. బొగ్గు రాజుకునేటప్పటి ఆ ఘాటు వాసన, దాని మీద ఆవిడ కాల్చే వంకాయ వాసన, ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా ముక్కు అటు తిరుగుతుంది. గడప దగ్గర వణుకుతూ నిలబడ్డ నన్ను చూసి, "ఏ నోనీ, జాడ్ లాగత్ హే కా?" అని, చలేస్తోందా పిల్లా అని అడిగి, దగ్గర కూర్చోబెట్టుకునేది. నోనీ అంటే అక్కడ ఆడపిల్లని ముద్దుగా పిలిచే మాట. నా వెనక తమ్ముడు, తమ్ముడి వెనక అమ్మ చేరారు. చలి మా అమ్మని గడప దాటించింది.

సెలవులిచ్చారు. నాన్న రాత్రి అన్నాల దగ్గర గొప్పగా ప్రకటించాడు.

"ఈ సెలవుల్లో ఊరంతా తిప్పుతాను మిమ్మల్ని. చెరువు, మ్యూజియం, బజారు, అన్నీ. మావయ్య వచ్చేసరికి మీకు రాయపూర్ మీద మోజు పుట్టాలి."

"సెలవు అడిగేరా?" అంది అమ్మ.

"అడుగుతాను," అన్నాడు నాన్న, పప్పు కలుపుకుంటూ.

అడగలేదు. ఒకరోజు ఎవరో రాలేదని ఆయన డ్యూటీ కూడా చేశాడు. ఇంకోరోజు మోటారు కాలిపోయిందన్నారు. నేనూ తమ్ముడూ పొద్దున్నే తలలు దువ్వించుకుని, పౌడరు రాసుకుని గుమ్మంలో కూర్చునేవాళ్ళం. ఎండ నెత్తికెక్కేసరికి తమ్ముడు ఆ మెట్ల మీదే నిద్రపోయేవాడు. మొత్తం సెలవుల్లో మేం ఊళ్ళోకి వెళ్ళింది ఒక్కసారి, వారం సెలవు రోజున, పండరీ బట్టల బజారుకి.

ఆ ఒక్కరోజూ నాకు పండగే. వీధి వీధంతా బట్టల తానులే. దుకాణంవాళ్ళు తెల్లటి పరుపుల మీద బట్టలు విసిరి పరిచేవారు. కొత్త బట్ట గంజి వాసనకి నాకు ఆకలేసింది, ఎందుకో తెలీదు. అమ్మ జీవితంలో మొదటిసారి స్వెట్టర్ వేసుకుని చూసింది, వంకాయ రంగుది. చీర మీద వేసుకుని, చేతులు కాస్త ఎడంగా పెట్టి బొమ్మలా నిలబడి, "బాగుందా?" అని నాన్నని అడిగింది. నాన్న సిగ్గుపడ్డాడు. "తీసుకో," అన్నాడు, అంతే. నాకు ఎర్రది కొన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తమ్ముడు అమ్మ ఒళ్ళో పడుకుని ఆ ఉన్నిలో ముక్కు దూర్చాడు. అమ్మ బయటికి చూస్తూ, "ఇంత ఊరు ఉందా ఇక్కడ," అంది. అది తిట్టు కాదని నాకు తెలిసింది.

ఆ తర్వాత రోజుల్లో డాబా మీద అమ్మా దాయీ జంటగా కూర్చోవడం మొదలైంది. ఇద్దరి మధ్యా పచ్చి బఠాణీల గంప. దాయి తన భాషలో ఏదో చెప్పేది. అమ్మ తెలుగులో జవాబిచ్చేది. "మా వైపు ఇంత బఠాణీ దొరకదమ్మా, అంతా చిక్కుడే," అనేది అమ్మ. దాయి తల ఊపి, కోడలి మీద ఏదో ఫిర్యాదు చేసేది. ఇద్దరూ నవ్వుకునేవారు. నన్ను అనువాదానికి పిలవనేలేదు. నా ఉద్యోగం పోయిందని నాకు ఉక్రోషం కూడా వచ్చింది. ఒకరోజు దాయి బియ్యప్పిండితో ఫరా అని ఏవో చేసి ఆవిరి మీద ఉడికించి తెచ్చింది. అమ్మ ఒకటి తుంచి నోట్లో వేసుకుని కళ్ళు పెద్దవి చేసింది.

"ఒలే, ఇవి మన కుడుములే! కాస్త పొడుగ్గా చేసింది, అంతే!"

మా అమ్మ రాయపూర్‌తో రాజీపడింది ఆ కుడుముల దగ్గరే అని నేను అనుకుంటాను. మావయ్య వచ్చే రెండు రోజుల ముందు, నాకు జడ వేస్తూ, నా తలతో చెప్తున్నట్టు నెమ్మదిగా అంది. "మావయ్యకి చెప్పీద్దామే, ఉంటామని. మీ నాన్న ఒక్కడూ ఏం తింటాడు? నూనె లేని వంట, ఉప్పు లేని పప్పూ."

"నాన్నకి చెప్పావా?"

"అడిగితే కదా చెప్పడానికి," అంది అమ్మ. జడ గట్టిగా లాగింది.

మావయ్య వచ్చేది పున్నమి రోజున, పుష్యమాసం పున్నమి. ఆ రోజు అక్కడ ఛేరఛేరా పండగ. కోతలైపోయి ధాన్యం ఇంటికి చేరాక, పిల్లలూ పెద్దలూ సంచులు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ధాన్యం అడుగుతారు. ఉన్నవాడూ అడుగుతాడు, లేనివాడూ అడుగుతాడు. ఎవరూ లేదనకూడదు. వీధిలో మేడ ఉన్న బడిపంతులు గారి పిల్లలూ ఆ రోజు సంచి పడతారు. దాయి మనవరాలు, నా ఈడుది, వారం ముందునుంచే నా చెవిలో ఊదుతోంది. అందరూ వెళ్తారు, నువ్వూ రా, ఎవరికి ఎక్కువొస్తుందో చూద్దాం అని.

ఇంట్లో చెప్తే అమ్మ పంపదు. అందుకని చెప్పలేదు. నాన్న తెల్లారుతూనే స్టేషన్‌కి వెళ్ళాడు. మంచుకి బండి నాలుగైదు గంటలు లేటన్నారట. ఆయన కాసేపు చూసి, ఎనిమిదికి డ్యూటీలో ఉండాలని అటునుంచి అటే వెళ్ళిపోయాడు. ఒక్కపూట సెలవు అడిగి ఉంటే, అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. అమ్మ మావయ్య కోసం వంటలో మునిగి ఉంది. కూరగాయల గుడ్డసంచి తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. తీసుకుని జారుకున్నాను.

ఆ పొద్దు సంగతి ఏం చెప్పను! తలుపు ముందు నిలబడి అందరం ఒక్క గొంతుతో "ఛేరఛేరా" అని అరవడం, లోపలినుంచి గాజుల చప్పుడు, చేటలోంచి బియ్యం సంచిలో పడే ఆ చల్లటి శబ్దం. ఆరు నెలలుగా ఆ వీధిలో నేను పరాయిపిల్లని. ఆ రోజు ప్రతి తలుపూ నా అరుపుకి తెరుచుకుంది. బడిపంతులు గారింట సన్నబియ్యం పోశారు. దాయి కోడలు ఎర్రటి లావుబియ్యం పోసింది. ఒక ఇంట్లో వడ్లే పోశారు, ఇంకో ఇంట్లో నూకలు. పన్నెండిళ్ళు తిరిగాను. సంచి బరువుకి భుజం లాగేస్తోంది. చెప్పుల్లేవు, ఎర్ర స్వెట్టర్ నిండా దుమ్ము, మొహం నిండా మసి.

పదమూడో ఇంటి ముందు అరుస్తుండగా వెనక ఆటో ఆగింది. చేతిలో అడ్రసు చీటీ, కాళ్ళ దగ్గర పెద్ద సంచి, సంచిలోంచి ఉడకబెట్టిన తేగల వాసన. మావయ్య!

దారి అడగడానికి ఆపించాడట. నన్ను పోల్చుకోవడానికి ఆయనకి కాస్త టైము పట్టింది. నాకు పట్టలేదు. ఆనందంతో పిచ్చెత్తినట్టు పరుగెత్తి, సంచి మూతి విప్పి ఆయన మొహం ముందు పెట్టాను.

"మావయ్యా, చూడు ఎంతొచ్చిందో! పన్నెండిళ్ళు అడిగేను!"

మావయ్య సంచిలోకి చూశాడు. నా కాళ్ళకేసి చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి, నన్ను చూసి మురిసిపోయి అనుకున్నాను. అంత వెర్రిదాన్ని.

"అడుక్కుంటన్నావేటే," అన్నాడు, చాలా మెల్లగా. "నా చెల్లి కూతురు, ఇంటింటికీ అడుక్కుంటన్నాదా."

ఆ తర్వాత జరిగినదాంట్లో నా చేతిలో ఏదీ లేదు. మావయ్య నన్ను ఆటోలో ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. సంచి తీసి అమ్మ కాళ్ళ ముందు పెట్టి, గోడకానుకుని కూర్చుండిపోయాడు. అమ్మ చేతిలో గరిట అలాగే ఉంది. నేను చెప్తున్నాను, పండగమ్మా, అందరూ వెళ్తారమ్మా, ఆడుకోవడానికే వెళ్ళానమ్మా అని. గొడవ విని దాయి వచ్చింది. సంగతి అర్థం చేసుకుని, రెండు చేతులూ జోడించి మావయ్యకి పండగ సంగతంతా చెప్పి, చివరికి అంది.

"ఆజ్ కే దిన్ మాంగే మ లాజ్ నయీ హే."

"ఏటంటాది?" అన్నాడు మావయ్య.

"ఈరోజు అడగడంలో సిగ్గు లేదంటోంది మావయ్యా. అడిగినా పుణ్యమే, పెట్టినా పుణ్యమే అంట. నిజం మావయ్యా, దాయే అంటోంది."

అమ్మ నాకేసి చూసింది. పాలకూర, జిలేబీ, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. "ఆవిడ అన్నాదో, నువ్వు అన్నావో," అంది. నా నోటిని నేనే చెడగొట్టుకున్నాను, ఇంక ఎవరినంటాను?

ఆ సమయానికే గుమ్మం ముందు పిల్లల అరుపు. బడిపంతులు గారి అబ్బాయి, కాళ్ళకి బూట్లు, ఒంటి మీద ఖరీదైన కోటు, చేతిలో సంచి. వెనక ఇంకో పది మంది. అమ్మ, ఏ ఇల్లాలైనా గుమ్మంలో అడిగినవాళ్ళకి పెట్టినట్టే, డబ్బాలోంచి బియ్యం తీసి ఒక్కొక్కరికీ దోసెడు పోసింది. మావయ్య ఆ బూట్లు చూశాడు. ఆయనకి అర్థమైందని ఆయన మొహంలోనే తెలిసింది. అయితే అర్థమైనంత మాత్రాన మనుషులు వెనక్కి తగ్గుతారా?

సాయంత్రం నాన్న వచ్చాడు. విషయం గుమ్మంలోనే దాయి చెప్పింది. నాన్న చెప్పులు విడిచి లోపలికొచ్చి, "అది ఇక్కడ పండగ బావా," అన్నాడు. "మన హరిదాసుకి మనం బియ్యం పెట్టమా? అలాంటిదే."

"పెడతాం. మనం పెడతాం. మన పిల్లని పంపిస్తామేటి?" అన్నాడు మావయ్య. గొంతు పెంచలేదు. "నాను నిన్ను తప్పు పట్టటం లేదు బావా. నా కళ్ళతో అది చూసేక నాకు ఊళ్ళో నిద్ర పట్టదు. అయినా అప్పుడు అనుకున్నదే కదా. నా చెల్లి ఏటంటే అదే."

అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ నాన్న వైపు చూసింది. చాలాసేపు చూసింది. నాన్న నేల మీద ఉన్న ఆ గుడ్డసంచి కేసి చూస్తున్నాడు. నాకు చెప్పేయాలని ఉంది. అమ్మ ఉంటానంది నాన్నా, మొన్న జడ వేస్తూ చెప్పింది నాన్నా, ఒక్కసారి అడుగు. కాని పొద్దున్నుంచి నేను ఏది చెప్పినా అబద్ధమే అవుతోంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా నిలబడ్డాను.

"నీ ఇష్టం అన్నియ్యా," అంది అమ్మ.

మర్నాడు సాయంత్రం బండికి బయల్దేరాం. అమ్మ బట్టలు సర్దడానికి పొద్దంతా తీసుకుంది. వంకాయ రంగు స్వెట్టర్‌ని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. మావయ్య ఆ బియ్యం ఆవులకి పోసెయ్యమన్నాడు. అన్నం పారబొయ్యకూడదని అమ్మ దాన్ని వంటింటి గూట్లో పెట్టింది. దాయి మా నలుగురికీ దారికి ఫరా కట్టిచ్చింది. అమ్మ ఆవిడ చేతులు పట్టుకుని ఏడుస్తూ, "అచ్ఛా, అచ్ఛా," అంది. ఆ ఒక్క మాటే వచ్చు కదా.

స్టేషన్‌లో నాన్న మాకు నీళ్ళ సీసా నింపి తెచ్చాడు. కిటికీ పక్కన నిలబడి, బండి కదిలేదాకా తమ్ముడి చొక్కా గుండీలు సరిచేస్తూనే ఉన్నాడు. "వేసంగికి వస్తాను," అన్నాడు. మేం వేసంగికి మళ్ళీ వస్తాం అని ఎవరూ అనలేదు.

మళ్ళీ వెళ్ళలేదు కూడా. మొదట నా చదువన్నారు, తర్వాత తమ్ముడి చదువన్నారు. నాన్న ఏడాదికి రెండుసార్లు చుట్టంలా వచ్చి వెళ్ళేవాడు. పదమూడేళ్ళు అలాగే గడిచాయి. చివరికి ఆ కార్ఖానా మూసేశాక పెట్టె తీసుకుని ఇంటికొచ్చేశాడు. దాయి పోయిందని, ఆ ఇల్లు పడగొట్టి గోదాము కట్టారని అప్పుడే తెలిసింది. ఎర్ర స్వెట్టర్ మా ఊరి చలికి ఎప్పుడూ అవసరం పడలేదు, ట్రంకు పెట్టె అడుగునే ఉండి పురుగులు కొట్టేసింది.

అమ్మ ఆ రోజు గురించి ఒక్కసారే మాట్లాడింది, నా పెళ్ళికి చీరలు సర్దుతూ, చీరలతో చెప్తున్నట్టు. "ఉండమని మీ నాన్న ఒక్క ముక్క అంటే ఉండిపోదును. మా అన్న ఏటన్నా సరే ఉండిపోదును."

నాన్న మాట ఇంకా తర్వాత విన్నాను. నేను పురిటికొచ్చినప్పుడు, అమ్మ గుడికెళ్ళిన పూట ఆయనే వంట చేశాడు. చేటలో బియ్యం చెరుగుతూ, ఉన్నట్టుండి నవ్వాడు.

"అమ్మడూ, ఆ సంచిలో బియ్యం నాకు ఎనిమిది రోజులొచ్చేయి తెలుసా? వడ్లు మాత్రం ఏరీసేను, మిగతావి వేరు చెయ్యలేదు, అలాగే వండీసేను. సగం ముద్ద, సగం పలుకు. ఈ లావుది దాయిది, ఈ సన్నది పంతులు గారిది అని ఇళ్ళు పోల్చుకుంటూ తినేవోణ్ణి. మీరు కనబడేవారు."

"ఎందుకు ఆపలేదు నాన్నా మమ్మల్ని?" అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత అడిగాను.

నాన్న చెరగడం ఆపాడు. రాళ్ళు లేని బియ్యంలో రాళ్ళు వెతికాడు కాసేపు.

"నువ్వు పదేళ్ళ పిల్లవి, పన్నెండిళ్ళు అడిగేవు. నాను నా ఇంట్లో ఒక్క మాట అడగలేకపోయేను."

ఈ రెండు మాటలూ నా దగ్గరే ఉండిపోయాయి. అమ్మా నాన్నా ఇప్పుడు ఒకే ఇంట్లో, ఒకే టీవీ ముందు కూర్చుంటారు. మందులు ఒకరివి ఒకరు గుర్తుచేసుకుంటారు. ఒకప్పుడు ఆ ఇంటికి నోరు నేనే. పాలవాడి మాట, దుకాణంవాడి మాట, అబద్ధమో నిజమో అన్నీ చేరవేశాను. చేరవేయాల్సిన మాటలు ఈ రెండే. చేరవేసి మాత్రం ఏం చేస్తాను, పదమూడేళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాను?

పళ్ళెంలో చివరి మెతుకు దాకా తిన్నాను. ఇంతలో ఫోన్ మోగింది, అమ్మ. తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. వెనకనుంచి నాన్న గొంతు, ఏం కూరని అడగమంటున్నాడు. చెప్పాను. వాళ్ళు ఇంకేమీ అడగలేదు. నేనూ ఇంకేమీ చెప్పలేదు.